హకీమ్ పేరు తెలియని వాదానికి జవాబు

యూరప్‌లో మాజీ మిడ్‌ఫీల్డర్ ఎవరైనా మేనేజరై కప్పు ఎత్తినప్పుడల్లా మన దగ్గర ఒక పాత మాట మళ్లీ లేస్తుంది. గ్వార్డియోలాను చూడండి, అంచెలోట్టిని చూడండి, 1998లో కెప్టెన్‌గా ప్రపంచకప్ అందుకుని 2018లో కోచ్‌గా మళ్లీ అందుకున్న డెషాంప్‌ను చూడండి అని మొదలుపెడతారు. చివరికి "మన తెలుగు నేల మీద అలాంటి మనిషి ఒక్కడైనా పుట్టాడా?" అన్న ప్రశ్నతో ముగిస్తారు. కర్నూలు, కడప వేదికలు ఎక్కేసరికి ఆ మాటకు ఇంకొన్ని మాటలు తోడవుతాయి. వాన లేని సీమ, గడ్డి మొలవని నేల, ఇక్కడ ఫుట్‌బాల్ ఏమిటి అంటారు. ఆడే పిల్లలున్నా ఆట నేర్పే బుర్ర మనవాళ్లకు లేదంటారు. పెద్ద పేరున్న ఆటగాళ్లు లేనప్పుడు పెద్ద కోచ్‌లు ఎక్కడినుంచి వస్తారు, బయటినుంచి తెచ్చుకోవాల్సిందే కదా అంటారు.

ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. సొంత డబ్బుతో పిల్లలకు బంతులు కొనిచ్చే పెద్దలు కూడా వాళ్లలో ఉన్నారు. అందుకే ఈ జవాబు రాయాల్సి వచ్చింది. శత్రువు అన్న మాటను పిల్లలు పట్టించుకోరు, తమ మేలు కోరే మనిషి అన్న మాటను నమ్ముతారు. పద్నాలుగేళ్ల పిల్లాడికి "మన దగ్గర ఎవరూ కాలేదు" అని చెప్తే, ఆ పిల్లాడు కాబోయేది ఏదో ఆ మాటతోనే సగం తేలిపోతుంది. ఆ మాట నిజమైతే ఓర్చుకోవచ్చు. అది నిజం కాదు.

నడి మైదానంలో ఆడి, తర్వాత జట్టును నడిపించిన మనిషి కావాలంటే సయ్యద్ షాహిద్ హకీమ్ ఉన్నారు. 1939లో హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటి లెక్కలో హాఫ్‌బ్యాక్. ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫులు, అయిదుగురు ఫార్వర్డ్‌లుగా జట్టును చెప్పుకునే రోజులవి. ముందువాళ్లు గోలు కొడతారు, వెనకవాళ్లు గోలు ఆపుతారు, హాఫులు ఆ రెండు పనుల మధ్య పరుగెత్తుతారు. ఇవాళ మిడ్‌ఫీల్డర్ అంటున్నది ఆ మనిషినే. పోలీసు జట్టు తరఫున ఆడారు, భారత వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్ హోదా దాకా వెళ్లారు, సర్వీసెస్ జట్టుకు ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఆయన పేరు ఉంది. ఆ జట్టుకు కోచ్ ఆయన కన్నతండ్రి సయ్యద్ అబ్దుల్ రహీమ్. రోమ్‌లో భారత్ మూడు మ్యాచ్‌లు ఆడింది. హంగరీ చేతిలో 1-2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేసింది, పెరూ చేతిలో 1-3తో ఓడింది. ఆ మూడింట్లో ఒక్కదాంట్లోనూ హకీమ్ బరిలోకి దిగలేదు.

ఇక్కడ కాసేపు ఆగమని చదువరులను కోరుతున్నాను. స్టార్ ఆటగాడికే కోచ్ కుర్చీ దక్కుతుందన్న వాదానికి హకీమ్ జీవితం సూటిగా అడ్డం నిలబడుతుంది. ఒలింపిక్ జట్టుతో వెళ్లి బయట కూర్చుని మూడు మ్యాచ్‌లు చూసిన ఇరవై ఒక్కేళ్ల హాఫ్‌బ్యాక్ ఆయన. ఆట మీద అలిగి పోలేదు. ఆటలో ఉన్న ప్రతి వైపునా నిలబడి చూశారు. అంతర్జాతీయ రిఫరీగా ఫిఫా బ్యాడ్జీ సంపాదించి, 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో విజిల్ పట్టారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీ చీఫ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆయనకు సహాయకుడిగా పనిచేశారు. ఆ జట్టు క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడింది. మెర్డెకా టోర్నీలో జాతీయ జట్టుకు తానే కోచ్ అయ్యారు. ముంబయిలోని మహీంద్రా అండ్ మహీంద్రా జట్టును డ్యూరాండ్ కప్ విజేతగా నిలిపారు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో ప్రాంతీయ డైరెక్టర్‌గా చేశారు. 2017లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచకప్ కోసం దేశమంతటా పిల్లలను వెతికే పనికి నాయకత్వం వహించారు. అదే ఏడు ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021 ఆగస్టు 22న, మన కర్నూలు నుంచి రాయచూరు మీదుగా వెళ్తే వచ్చే గుల్బర్గాలో కన్నుమూశారు.

ఆటగాడు, రిఫరీ, సహాయక కోచ్, కోచ్, పాలకుడు, పిల్లల్ని వెతికే మనిషి. ఇన్ని పనులు ఒక్క జీవితంలో చేసినవాళ్లు యూరప్‌లో మాత్రం ఎందరున్నారు? హకీమ్ పేరు ఎత్తకుండా "మనకు అలాంటి మనిషి లేడు" అనేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. వెతికారా? హైదరాబాద్ దాకా, అక్కడి పాత ఆటగాళ్ల ఇళ్ల దాకా ఒక్కసారైనా వెళ్లి అడిగారా?

ఇక తండ్రి సంగతి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన వేషం వల్ల రహీమ్ పేరు మన ఊళ్లలో కూడా కొంత వినపడింది. మంచిదే. సినిమా చూసి వచ్చినవాళ్లలో చాలామంది ఆయనను ఎక్కడినుంచో ఊడిపడిన మహాత్ముడిగా చెప్పుకుంటున్నారు. అది కూడా సరిదిద్దాల్సిన మాటే. రహీమ్ ఊడిపడలేదు. ఆయన బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అక్కడి జట్టుకు ఆడి, కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నారు. అంటే మైదానం దొరకబుచ్చుకోవడం, లీగు పట్టిక వేయడం, రిఫరీలను పిలిపించడం లాంటి పనులన్నీ చేసిన మనిషి. దేశం తరఫున ఆడి పేరు తెచ్చుకున్న ఆటగాడు ఆయన కాదు. పెద్ద ఆటగాడే పెద్ద కోచ్ అవుతాడనే సూత్రం రహీమ్ దగ్గరే తిరగబడుతుంది. ఇటలీలో అరిగో సాకీ కూడా ప్రొఫెషనల్‌గా ఆడినవాడు కాదు. మిలాన్‌తో 1989లో, 1990లో వరసగా యూరోపియన్ కప్ గెలిచాడు. సాకీకి మూడు దశాబ్దాల ముందే మన దక్కనులో ఒక పంతులు ఆ పని చేసి చూపాడు.

ఆయన చేసిందేమిటో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కర్నూలు బడి మైదానంలో రేపు పొద్దున్నే వాడుకోదగిన విద్య అది. రహీమ్ పిల్లలకు డ్రిబ్లింగ్ లేని టోర్నీలు పెట్టేవారు. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఇద్దరు ముగ్గురిని తప్పించుకుంటూ పోవడం అక్కడ చెల్లదు, అందుకుని వెంటనే ఇవ్వాల్సిందే. వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో ఆడాలి. ఈ రెండు నియమాలు కలిస్తే పిల్లాడిలో తయారయ్యేది నడి మైదానపు బుద్ధి. బంతి తన దగ్గరికి రాకముందే అది ఎవరికి పోవాలో చూసుకోవాలి. తన కాళ్ల కన్నా ముందు తోటివాడి చోటు తెలియాలి. ఒక్కడి సొగసును తగ్గించి పదకొండు మంది ఆటను పెంచే చదువు అది.

మన నేలకు ఈ చదువు ఎంత తగినదో ఆలోచించండి. నాపరాళ్ల ఊళ్లలో, మొరుసు నేలల్లో డ్రిబ్లింగ్ చేస్తూ పడిన పిల్లాడి మోకాలు చీరుకుపోతుంది, మర్నాడు ఆటకు రాడు. నల్లరేగడి బయళ్లలో ఎండాకాలం నెర్రెలు విచ్చిన నేల మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు, కాలి కిందే దాన్ని పెట్టుకోవాలనుకుంటే పోగొట్టుకోవడమే. ఒక్క తాకుతో అందుకుని, రెండో తాకుతో పంపేసేవాడే అక్కడ గెలుస్తాడు. మన నేల గట్టిది కనుక మనకు ఫుట్‌బాల్ రాదనడం తలకిందుల తర్కం. గట్టి నేల మీద తొలి తాకు సరిగా పడాలి, అదే ఈ ఆటకు పునాది. హైదరాబాద్ పిల్లలకు కూడా అప్పట్లో గడ్డి పరుపులు లేవు.

ఫలితాలు తెలిసినవే అయినా మళ్లీ చెప్పాలి. రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతిలో జాతీయ జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం.

అభిమానం కొద్దీ మనవాళ్లు కలిపే అతిశయాలను కూడా ఇక్కడే తీసేద్దాం, లేకపోతే ఎదుటివాడు వాటినే పట్టుకుని అసలును కొట్టేస్తాడు. మెల్‌బోర్న్‌లో భారత్ వరస విజయాలతో సెమీస్ చేరిందనడం తప్పు. హంగరీ తప్పుకోవడంతో తొలి అడుగు ఆడకుండానే దాటింది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ మనదే, చివరికి 1-4తో ఓడాం. కాంస్యం కోసం బల్గేరియాతో 0-3తో ఓడాం. అంతే. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక విజయం చాలదా? నాలుగేళ్ల ముందు హెల్సింకిలో ఇదే యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తుచేసింది. పదికి ఒకటి నుంచి నాలుగుకు ఒకటికి, అదీ ముందుగా గోల్ కొట్టి, రావడమే ఒక కోచ్ చేసిన పని. అలాగే 4-2-4 పద్ధతిని బ్రెజిల్ కన్నా ముందు రహీమే కనిపెట్టారన్న మాట కూడా వద్దు. అది ఎవరి సొంతమో హంగరీ, బ్రెజిల్ చరిత్రకారులే ఇంకా వాదించుకుంటున్నారు. లోకంలో వస్తున్న మార్పును ఆయన దూరం నుంచే పసిగట్టి మన పిల్లల చేత ఆడించారు. ఆ గౌరవం చాలు.

1950 ప్రపంచకప్‌కు బూట్లు లేక వెళ్లలేదన్న కథను కూడా దయచేసి మానేయండి. జట్టు ఎంపిక మీద విభేదాలు, ప్రాక్టీసుకు సమయం చాలకపోవడం అన్నవి ఫెడరేషన్ అప్పుడు చెప్పిన కారణాలు. ప్రపంచకప్ కన్నా ఒలింపిక్స్ గొప్పవని నమ్మిన కాలం కూడా అది. బూట్లు లేని పేదవాళ్లం కనుక వెళ్లలేకపోయాం అని పిల్లలకు చెప్పడం, నేల ఎండిపోయింది కనుక ఆడలేం అని చెప్పడం, రెండూ ఒకే తప్పు. నిర్ణయాలు తీసుకోవాల్సినవాళ్ల లోపాన్ని పేదరికం మీదికి, ప్రకృతి మీదికి నెట్టేయడమే ఇది.

జకార్తా గురించి ఒక్క ముచ్చట చెప్పాలి, ఎందుకంటే మేనేజర్ అనే మనిషి ఎందుకు ఉండాలో దాంట్లో ఉంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ని వెనక నిలబెట్టి తలతో బంతులు ఆపించలేం. ఇంకో కోచ్ అయితే పక్కన కూర్చోబెట్టేవాడు. రహీమ్ ఆయనను సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ వియత్నాం మీద సెమీస్ 3-2తో గెలిచాం. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. భారత్ మీద కోపంగా ఉన్న జనంతో స్టేడియం కిక్కిరిసిపోయింది. 2-1తో గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది కుట్లు పడిన తలతో ముందుకు వెళ్లిన జర్నైల్‌ది. ఫ్లూతో సెమీస్ ఆడని గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను ఫైనల్లో తిరిగి నిలబెట్టిందీ రహీమే. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఉన్నారు, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. కోచ్‌ను అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఆ తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు, ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం చూడలేదు.

దీనికి వెంటనే వచ్చే ఎదురు మాట నాకు తెలుసు. "అది హైదరాబాద్ ముచ్చట సామీ, సీమకేం సంబంధం?" అంటారు. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద గెలుపు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టయింది, ఆ పేరు మీదే 1961లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు ఆంధ్రప్రదేశ్. ఆ పేరులో కడప లేదా, కర్నూలు లేదా? రాజధాని పోయిన బాధను ఇన్నేళ్లు చెప్పుకునే మనం, ఆ తర్వాత మన రాష్ట్రం పేరుతో గెలిచిన కప్పులను మాత్రం పరాయివాళ్ల సొత్తుగా వదులుకోవడం ఏం న్యాయం? 2014లో రాష్ట్రాలు వేరైనా, 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు విడిపోయినా, అంతకుముందు జరిగిన చరిత్రను ఎవరూ పంచుకుపోలేదు.

రహీమ్, హకీమ్‌లతో ఆ వరస తెగిపోలేదు కూడా. సయ్యద్ నయీముద్దీన్ డిఫెండర్, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్. తర్వాత కోచ్‌గా 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు, 2005లో కరాచీలో భారత్‌కు దక్షిణాసియా కప్ గెలిపించారు. షబ్బీర్ అలీ ఫార్వర్డ్, కోచ్‌గా 1998-99లో సల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతను చేశారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ పిల్లలకు పాఠం చెప్పారు. ముగ్గురూ హైదరాబాద్ గల్లీల్లో పుట్టినవాళ్లే. ఆట నేర్పే బుర్ర మనవాళ్లకు లేదన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

బయటి కోచ్‌ల సంగతి కూడా న్యాయంగా మాట్లాడాలి. స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్‌ఎల్ విజేతగా నిలిపాడు, కుర్రాళ్లను తీర్చిదిద్దాడు. ఆ మేలును కాదనలేం. కానీ ఆ క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అద్దెకు తెచ్చిన నైపుణ్యం అద్దె చెల్లినంత కాలమే ఉంటుందని అక్కడ తేలింది. మరోవైపు ఖాలిద్ జమీల్‌ను తీసుకోండి. ఆయనా మిడ్‌ఫీల్డరే. 2017లో ఐజాల్ అనే చిన్న కొండ ఊరి జట్టుతో ఐ-లీగ్ గెలిచాడు. 2025 ఆగస్టులో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. మరుసటి నెల మధ్య ఆసియా టోర్నీలో ఒమన్ మీద పెనాల్టీల్లో గెలిచి మూడో స్థానం తెచ్చాడు. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో ఓడి ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాడు. దేశీయుడు కాగానే గెలుపు ఖాయమని నేను అనను. ఓటమి కూడా మనిషిని మేనేజర్‌గా తయారుచేసే చదువులో భాగమే. విదేశీయుడు ఓడితే కాలం కలిసిరాలేదంటాం, మనవాడు ఓడితే జాతికే చేతకాదంటాం. ఈ రెండు తూకాలు మానుకోవాలి.

మిగిలింది వాన వాదం. అనంతపురంలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. కర్నూలుకు, కడపకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ ఎండిన అనంతపురంలోనే విన్సెంట్ ఫెర్రర్ నాటిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడా గ్రామం కట్టింది, పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ లీగు నడిపింది. రఫెల్ నాదల్ పేరుతో టెన్నిస్ బడి వచ్చింది కూడా అక్కడికే. మేఘం తక్కువైన చోట ఆట వచ్చినప్పుడు, మేఘం కొంచెం ఎక్కువున్న చోట రాకపోవడానికి మేఘాన్ని ఎట్లా నిందిస్తాం? అనంతపురంలో ఉన్నది ఏటా తప్పకుండా నడిచే లీగు, దాన్ని నడిపే మనుషులు. ఆ రెండే తేడా.

మరి మన కర్నూలు, కడప జిల్లాల్లో నిజంగా ఏం పోతోంది? నేను చూసినంతలో చెప్తాను. సెలక్షన్ ట్రయల్స్ రోజున ఇరవై నిమిషాల ఆట పెడతారు. గోల్ కొట్టినవాడు కనపడతాడు, వేగంగా పరుగెత్తినవాడు కనపడతాడు. నడుమ నిలబడి ఎవరికీ కనపడకుండా ఆటను కూడగట్టే పిల్లాడి పేరు ఎవరి కాగితంలోనూ పడదు. కోచ్ కాగల లక్షణం ఉన్నది సాధారణంగా ఆ పిల్లాడిలోనే. మొదటి వడపోతలోనే వాణ్ని పారబోసి, తర్వాత మనకు కోచ్‌లు లేరని బాధపడుతున్నాం. హకీమ్ తన చివరి పెద్ద బాధ్యతగా పిల్లలను వెతికే పని ఎందుకు తీసుకున్నారో ఇక్కడ అర్థమవుతుంది. బెంచీ మీద కూర్చుని ఆట చూసిన మనిషికి, కనపడని ఆటగాణ్ని చూడటం తెలుస్తుంది.

రెండో నష్టం ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల దగ్గర జరుగుతుంది. జిల్లాకు ఆడిన కుర్రాడికి పోలీసులోనో రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం వస్తే ఇంటికి అన్నం దొరుకుతుంది. అది మంచిదే, ఎవరూ తప్పు పట్టకూడదు. ఉద్యోగం రానివాడు పెట్రోల్ బంకులోనో అంగడిలోనో కుదురుకుంటాడు. ఇద్దరూ ఆటను వదిలేస్తారు. పదేళ్లు నేర్చుకున్న విద్య ఇంట్లో మడతపెట్టిన జెర్సీ అయిపోతుంది. బడిలో పీఈటీ సారు ఉంటే ఉంటాడు. ఆయన చేతిలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ ఉంటాయి, పరీక్షల డ్యూటీ కూడా ఉంటుంది. ఆయనను ఒక్క ఫుట్‌బాల్ కోసమే పూర్తిగా ఉండమనడం అన్యాయం. ఆటను వదిలేసిన ఆ కుర్రాడు పక్క వీధిలోనే ఉన్నాడు, అతణ్ని పీఈటీ సారు పక్కన నిలబెట్టేవాడు లేడు.

కోచింగ్‌కు మెట్లు స్పష్టంగా ఉన్నాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డీ లైసెన్సు, ఆపైన ఆసియా సమాఖ్య గుర్తింపు ఉన్న సీ, బీ, ఏ, చివర ప్రో. ఇవాళ మనం టీవీలో చూసే భారతీయ కోచ్‌లు ఈ మెట్లు ఎక్కినవాళ్లే. తొలి మెట్టు ఎక్కడానికి ఒలింపిక్ ఆటగాడు కానక్కర్లేదు. జిల్లాకు ఆడిన హాఫ్‌బ్యాక్ చాలు. దానికి కావాల్సింది కొన్నాళ్ల సెలవు, రుసుము, రానుపోను ఖర్చు. ఒక క్రికెట్ టోర్నీ బహుమతి ప్రదానానికి వేసే షామియానా ఖర్చుతో ఇద్దరు ముగ్గురిని ఆ మెట్టు ఎక్కించవచ్చు.

అందుకే ఈ రెండు జిల్లాల ఫుట్‌బాల్ సంఘాలను, క్రీడా ప్రాధికార సంస్థ అధికారులను, వేదికల మీద మాట్లాడే పెద్దలను నేను సూటిగా అడుగుతున్నాను. గత ఇరవై ఏళ్లలో జిల్లాకు ఆడి ఆట మానేసిన మిడ్‌ఫీల్డర్ల పేర్లు రాయించండి. వాళ్లలో నేర్పాలన్న కోరిక ఉన్నవాళ్లను ఏటా నలుగురినైనా లైసెన్సు కోర్సుకు పంపండి. తిరిగి వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక బడి, ఒక మైదానం, నెలకు ఇంత అని జీతం ఇవ్వండి. అనంతపురంలాగా ఆగకుండా నడిచే లీగు పెట్టండి, అండర్-13 నుంచి మొదలుపెట్టండి. డ్రిబ్లింగ్ లేని ఒక టోర్నీ రహీమ్ పేరు మీద, కనపడని ఆటగాడికి ఒక బహుమతి హకీమ్ పేరు మీద పెట్టండి. ఇవి చేసి పదేళ్లు చూసిన తర్వాత కూడా మనవాళ్లకు చేతకాదని తేలితే, అప్పుడు చెప్పండి, వింటాను. అప్పటిదాకా ఆ మాటను పిల్లల ముందు అనకండి.